ఎర్ర పెట్టె, నీలం పెట్టె

ఎనిఫా టౌనుకు ట్రైనింగుకి వెళ్ళే ముందురోజు సాయంత్రం దాని సంచి నేనే సర్దాను. రెండు జాకెట్లు, కట్టుకునే గుడ్డలు రెండు, సబ్బుముక్క, వేయించిన వేరుశనగ పప్పు పొట్లం, జ్వరం మాత్రలు. సర్దాక అన్నీ మళ్ళీ చాప మీదికి తీసి చూసుకున్నాను. మళ్ళీ పెట్టాను.

"అయిదు రోజులే కదమ్మా," అంది ఎనిఫా. "శనివారం మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాను. ఇన్ని మాత్రలెందుకు?"

"ఉంటే నీకేం? బరువా?"

"ఏనుగుకొచ్చిన జ్వరం కూడా తగ్గుతుంది వీటితో."

దాని కూతురు మేలెసి పక్కన కూర్చుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా భర్త కోతలయ్యాక వస్తానని తొంభై ఒకటిలో జోనీకి వెళ్ళాడు. జొహన్నెస్‌బర్గ్‌ని మా సరస్సు ఒడ్డున అందరం జోనీ అనే అంటాం. పెద్దవాడు ఇనోక్ రెండువేల మూడులో వెళ్ళాడు. ఇద్దరి సంచులూ నేనే సర్దాను. అలా వెళ్ళి రానివాళ్ళని పిలవడానికి మా భాషలో ఒక మాట ఉంది. నేను దాన్ని పలకను.

శనివారం మధ్యాహ్నం ఎనిఫా సైకిల్ టాక్సీ దిగింది. మాత్రలన్నీ వెనక్కి తెచ్చింది. "లెక్క చూసుకో," అని నా ఒళ్ళో పెట్టి, నీళ్ళు కూడా తాగకుండా పెట్టెల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అది రెండువేల పదిహేడు, సెప్టెంబరు చివర. మామిడికాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

ఎనిఫా మా ఊరి బడిలో ఆరేళ్ళుగా ఒకటో తరగతికి చెబుతోంది. సర్కారు టీచరు కాదు. ఊరివాళ్ళు తలా కొంచెం వేసి పెట్టుకున్న మనిషి. తరగతిలో నూట నలభై రెండు మంది పిల్లలు. దాని గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. మేలెసి తండ్రి తన ఊరు వెళ్ళిపోయి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి మా ముగ్గురికీ ఆ బొంగురు గొంతే ఆధారం.

అక్టోబరు మొదటివారంలో ప్రాజెక్టు వాళ్ళ తెల్లబండి వచ్చింది. మిస్ చవింగా అనే అమ్మాయి దిగింది. ఉత్తరాది పిల్ల, రాజధానిలో చదివింది, మెత్తని మనిషి. ఆమె వెనక రెండు ఇనప పెట్టెలు దింపారు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. బడి కమిటీలో పదిమందిమి. తల్లుల సంఘం తరఫున నేను ఉన్నాను. మాకు అర్థమయ్యేలా ఆమె రెండూ తెరిచి చూపించింది.

ఎర్ర పెట్టెలో నలభై ట్యాబులు, నలభై జతల హెడ్‌ఫోన్లు. పిల్ల తన ట్యాబు తను పట్టుకుని, చెవులకు పెట్టుకుని కూర్చుంటుంది. బొమ్మ వస్తుంది, మాట వినిపిస్తుంది, నొక్కాలి. మన భాషతో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి తీసుకెళుతుంది. నలభైమంది చొప్పున వంతులు. పక్కన టీచరు ఉండనవసరం లేదు. గది తాళం, సోలారు పలకలు చూసుకునే మనిషి ఒకరుంటే చాలు.

నీలం పెట్టెలో మూడే ట్యాబులు. అవి టీచర్లకి. ఇవాళ ఏ అక్షరం చెప్పాలి, దానికి ఏ ఆట ఆడించాలి, ఏ పిల్ల వెనకబడింది, రేపు ఎవరిని ముందు పిలవాలి, అవన్నీ అందులో ఉంటాయి. చెప్పేది మాత్రం టీచరే. పిల్లలు పలకల మీద రాస్తారు.

"అంటే పిల్లల చేతికి ఏమీ రాదా?" అన్నాడు జైలోసి. చేపలు పట్టే మనిషి, మా కమిటీలో నోరున్నవాడు.

"పలక వస్తుంది అన్నా," అంది మిస్ చవింగా.

"పలక మా తాత చేతికి కూడా వచ్చింది. దాంతో దోమలు కొట్టేవాడు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత అసలు మాట చెప్పింది. నాలుగు వారాలు రెండూ వాడి చూడండి, ఆ తర్వాత ఒకటి ఎంచుకోండి, అది మూడేళ్ళు మీది అంది. నీలం పెట్టె అయితే ఎనిఫా లాంటి టీచర్లకి ప్రాజెక్టే జీతం ఇచ్చి ఉంచుతుంది. ఎర్ర పెట్టె అయితే ఆ డబ్బు కాపలాకీ సోలారుకీ పోతుంది. టీచరుకి ఉండదు. ఊరు మళ్ళీ చందా వేసుకుంటామంటే అది ఊరి ఇష్టం.

ఊరు వేసుకోదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ నావైపు చూడలేదు. చూడకపోవడం నాకు తెలిసింది.

"నాకైతే ఎర్రదే," అన్నాడు జైలోసి. "దానికి మలేరియా రాదు. పెదనాన్న పోయాడని మూడు రోజులు సెలవడగదు."

"సోలారు పలక మీద కోడి కూర్చుంటే?" అని అడిగారు హెడ్మాస్టరు చిడోతి సారు.

"కోడిని తినేద్దాం సార్!"

ఆ నాలుగు వారాలూ నేను రోజూ బడికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. కప్పు రేకులు టకటకమనేవి. పొద్దున ఎర్ర పెట్టె పిల్లలు, మధ్యాహ్నం నీలం పెట్టె పిల్లలు. నేను గోడవారగా చాప వేసుకుని కూర్చునేదాన్ని. తల్లుల సంఘం మనిషి చూడాలి కదా అని హెడ్మాస్టరు అన్నారు. అసలు సంగతి, నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు.

ఎర్ర పెట్టె గది చూస్తే ఎవరికైనా ముచ్చటే. నలభైమంది పిల్లలు కదలకుండా, అరవకుండా కూర్చోవడం మా ఊళ్ళో చర్చిలో కూడా లేదు. సరిగ్గా నొక్కితే తెర మీద నక్షత్రాలు మెరిసేవి. ఒక్కొక్క పిల్ల పేరు పక్కన నక్షత్రాలు గుట్టలుగా పడేవి. మిస్ చవింగా వారానికోసారి వచ్చి అంకెలు రాసుకుని, "బాగుంది, చాలా బాగుంది," అనుకుంటూ వెళ్ళేది.

మధ్యాహ్నం గది వేరు. ఎనిఫా ఒక చేత్తో ట్యాబు పట్టుకుని చదువుతూ, తడబడుతూ, మళ్ళీ మొదలుపెడుతూ చెప్పేది. పిల్లలు కొట్టుకునేవాళ్ళు. సుద్దముక్కలు మాయమయ్యేవి. ఒకరోజు ఒక పిల్ల పలక తీసి ఇంకో పిల్ల నెత్తిన కొట్టింది. కిటికీలోంచి చూసిన జైలోసి, "చూశావా, తాత గుర్తొచ్చాడు," అన్నాడు.

మేలెసి పొద్దున జట్టులో ఉంది. మూడో వారానికి దానికి అందరికంటే ఎక్కువ నక్షత్రాలు. ఇంటికొచ్చి చేతులూపుకుంటూ చెప్పేది. నాకు సంతోషం వేసింది. ఒక మధ్యాహ్నం నేను వాకిట్లో చేపలు ఎండబోస్తూ, ఊరికే, పుల్లతో నేలమీద ఒక మాట రాశాను. చేప అని. దాని ట్యాబులో రోజూ వచ్చే మాటే.

"ఇదేమిటి?" అన్నాను.

అది చూసింది. తల పక్కకి వంచింది. "బొమ్మ ఏదవ్వా?"

"బొమ్మ లేదు. మాట చదువు."

"మిగతా రెండు గళ్ళూ ఏవి?"

మూడు మాటలు రాశాను, చేప, ఇల్లు, మేక. "ఇందులో చేప ఏది?"

అది వేలు ఎత్తి పట్టుకుని నిలబడింది. చాలాసేపు నిలబడింది. "ఇవి కదలవు కదవ్వా," అంది చివరికి.

"ఎందుకు కదలాలి?"

"ట్యాబులో మూడు గళ్ళు పైనించి జారుతాయి. ఆలస్యంగా వచ్చి ఆగేదాన్ని నొక్కాలి. అప్పుడు నక్షత్రం." నాకు ఇది కూడా తెలియదని దానికి ఆశ్చర్యం. "అందరికీ తెలుసు. నా పక్కన కూర్చునే పిల్ల, సాలిమే, అది కనిపెట్టింది. మొదటివారమే."

నేను చేతిలో చేప పట్టుకుని అలాగే కూర్చున్నాను. అది తప్పు చేసిన పిల్లలా లేదు. నేను కూడా తిట్టలేదు. ఎందుకంటే అది చేసింది నేను చేసిందే. నేను బడికి పోలేదు. చర్చిలో పాటల పుస్తకం చేతపట్టి నిలబడేదాన్ని. పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. పాటలన్నీ నోటికొచ్చు కనక పెదాలు సరిగ్గా కదిలేవి. పదేళ్ళు ఊరిని నమ్మించాను. ముప్ఫై దాటాక ఒక పాట పట్టుకుని, పాడుతూ ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, ఇక్కడ వచ్చిన గీతే అక్కడ మళ్ళీ వచ్చిందా అని వెతుక్కుంటూ ఎవరికీ చెప్పకుండా చదువు నేర్చుకున్నాను. అందుకని చదవడానికీ చదివినట్టు ఉండటానికీ తేడా నాకు తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం జట్టు పిల్లల్ని ఆరుగురిని పిలిచి నేలమీద అవే మాటలు రాశాను. నలుగురు చదివారు. నత్తినత్తిగా, మెటికలు విరుచుకుంటూ, కాని చదివారు. పొద్దున జట్టులో ఆరుగురిని అడిగాను. ఒక్కళ్ళూ చదవలేదు. సాలిమే మాత్రం, "నువ్వు గీతలు కొంచెం కదిపితే చెప్తాను," అంది.

ఆ సాయంత్రం ఎనిఫా మొక్కజొన్న పిండి కలియబెడుతుంటే చెప్పాను. తెడ్డు ఆపేసింది. కాసేపటికి మళ్ళీ తిప్పింది. పిండి అడుగంటుతుంది కదా.

"నాకు అనుమానంగానే ఉంది," అంది. "పొద్దున పిల్లలు పలక పట్టుకుంటే కొత్త చుట్టాన్ని చూసినట్టు చూస్తారు."

"నువ్వు చెప్పు చిడోతి సారుకి."

"నేనా? నేను చెప్తే ఏమంటారమ్మా? కూటి కోసం ఏడుస్తోంది అంటారు. ట్యాబు మీద ఏడుస్తోంది అంటారు." పొయ్యి ముందు దాని మొహం చెమటతో మెరుస్తోంది. "నువ్వు చెప్పు. నువ్వు చూశావు. నీ మాట ఊళ్ళో నిలుస్తుంది. మీటింగులో అందరి ముందూ చెప్పి, పిల్లల్ని పిలిచి నేలమీద రాసి చూపించు. అంతే చాలు."

"సరే," అన్నాను.

"చెప్తావుగా?"

"సరే అన్నానుగా."

నేను నిజంగానే చెబుదామనుకున్నాను. ఇది రాసేటప్పుడు కూడా ఆ మాట కొట్టేయాలనిపించడం లేదు.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఊరిపెద్ద ముందు ఏ తీర్మానం జరిగినా, అందులో తన మనిషి ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు. "ఇందులో నా రక్తం ఉంది," అని రెండు అరచేతులూ నేలకు ఆనించి ఊరుకోవాలి. ఓటు గింజ కూడా వేయకూడదు. అలా ఊరుకున్నవాళ్ళకి అక్కడ చేరిన కూటం మొత్తం చప్పట్లు కొట్టి గౌరవం చేస్తుంది. ఊరుకోనివాళ్ళని ఏళ్ళ తరబడి ఆడిపోసుకుంటుంది. అంతకుముందు ఏడాది తన తమ్ముడి వలల తగాదాలో జైలోసి నోరు జారాడు. ఇప్పటికీ అతను బజారులో కనిపిస్తే ఆడవాళ్ళు, "జైలోసీ, నీ రక్తం పొంగుతోంది, మూత పెట్టుకో," అంటారు. అంత నోరున్న మనిషి కూడా దానికి బదులు చెప్పడు.

ఇది బడి కమిటీ కదా, ఊరి తీర్పు కాదు కదా అనుకున్నాను. మిస్ చవింగా టేబులు వేసుకుని కూర్చుంటుంది కదా. కాని నవంబరు మొదటి శుక్రవారం నేను బడికి వెళ్ళేసరికి ఊరిపెద్ద కపోలోమా వచ్చి ఉన్నాడు. ఆయన కుర్చీ మధ్యలో వేశారు. ఆయన కూర్చున్నాడంటే అది కూటమే.

తరగతి గోడ వెనక రెండు బుట్టలు పెట్టారు. ఒకదాని మీద ఎర్రగుడ్డ, ఒకదాని మీద నీలంగుడ్డ. ఒక్కొక్కరికి ఒక మొక్కజొన్న గింజ. టీచర్లు వరండాలో కూర్చున్నారు, ఎనిఫా స్తంభానికి ఆనుకుని. ఆ వైపు తలుపు తెరిచే ఉంది. అక్కడికి మా మాటలన్నీ వినపడతాయి.

మిస్ చవింగా అంకెలు చదివింది. ఎర్ర జట్టు నక్షత్రాలు ఇన్ని, నీలం జట్టుకి టీచరు వేసినవి ఇన్ని. ఎర్రవి ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. జైలోసి ఈల వేశాడు.

అయినా చిడోతి సారు తృప్తిగా లేరు. "నాకు ఆ పిల్లలు మరీ నిశ్శబ్దంగా ఉండటం నచ్చలేదు," అన్నారు. "ఎందుకో చెప్పలేను."

"సార్, మీకు అల్లరి అలవాటైపోయింది," అంది కమిటీలో ఒకావిడ. నవ్వారు.

మిస్ చవింగా కాగితాలు తిప్పి నావైపు చూసింది. "అమ్మమ్మగారూ, మీరు నాలుగు వారాలూ రెండు గదుల్లోనూ కూర్చున్నారు. మా అందరికంటే మీరే ఎక్కువ చూశారు. మీకేం కనిపించిందో చెప్పండి."

అందరూ నావైపు తిరిగారు. ఊరిపెద్ద కూడా తిరిగాడు. జైలోసి మొహంలో చిన్న నవ్వు. అది వెక్కిరింపో కాదో నాకు తెలియదు. మేలెసి కిటికీలోంచి తల పెట్టి చూస్తోంది. నేను పిలిస్తే లోపలికి వచ్చేది. పుల్ల నా కొంగులోనే ఉంది.

నేను ముందుకు వంగి రెండు అరచేతులూ నేలకు ఆనించాను. సిమెంటు వెచ్చగా ఉంది.

"ఇందులో నా రక్తం ఉంది," అన్నాను.

ఊరిపెద్ద తల ఊపాడు. చప్పట్లు మొదలయ్యాయి. అరచేతులు దొన్నెల్లా చేసి మెల్లగా, మూడు వరసలు. అందరికంటే గట్టిగా జైలోసి కొట్టాడు. మా పద్ధతి తెలియని మిస్ చవింగా కాసేపు చూసి, తనూ కొట్టి, కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత ఆ కాగితం గోడకి అంటించారు కనక చదివాను. "తల్లుల సంఘం: అభ్యంతరం లేదు."

తొమ్మిది మంది లేచి గోడ వెనక్కి వెళ్ళి వచ్చారు. ఎర్రబుట్టలో అయిదు గింజలు. నీలంబుట్టలో నాలుగు.

బయటికొస్తే జైలోసి నన్ను పేరు పెట్టి పిలిచి పక్కన నడిచాడు. "నామ్వలే, నీలాంటి మనిషి ఈ ఒడ్డున లేదు," అన్నాడు. వేళాకోళం కాదు. నిజంగా అన్నాడు. "నీ కూతురు కూడు పోతోందని తెలిసి ఊరుకున్నావు. నా వల్ల కాలేదు అది."

ఎనిఫా వరండా మెట్టు దగ్గర నిలబడి ఉంది. నేను ఏదో చెప్పబోయాను. ఏం చెప్పబోయానో ఇప్పుడు గుర్తులేదు.

"పిండి అయిపోయింది," అంది అది. "మిల్లు మూసేస్తారు. వెళ్ళి ఆడించుకొస్తాను. మేలెసిని ఇంటికి తీసుకెళ్ళు."

ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఒక్క మాట అనలేదు. అంటుందేమో అని నేను వంటింటి గుమ్మంలోనూ, బావి దగ్గరా, పొలంలో మడులు తవ్వేటప్పుడూ కాచుకుని ఉండేదాన్ని. అది మామూలుగానే ఉండేది. నా చేప ముక్క పెద్దది చూసి వేసేది. రాత్రిళ్ళు దగ్గు వస్తే లేచి నీళ్ళిచ్చేది.

వారం తర్వాత సాండిఫోలో అనే మా అన్న వచ్చాడు. మా వంశంలో ఆడపిల్లల మంచి చెడ్డలన్నీ మేనమామవే. నీళ్ళు తాగి, కప్పు కింద పెట్టి, చెప్పాల్సింది చెప్పాడు. ఆయన భార్య పిన్నికూతురు జోనీలో ఉంది. ఆమె పనిచేసే వీధిలోనే ఒక ఇంట్లో ఇద్దరు చంటిపిల్లల్ని చూసుకునే మనిషి కావాలట. ఎనిఫా ఇంగ్లీషు వచ్చిన పిల్ల. గది వాళ్ళే ఇస్తారు. ఇరవై మూడున బస్సు.

"నువ్వేమంటావమ్మాయ్?" అన్నాడు ఎనిఫాతో.

"వెళ్తాను మావయ్యా."

"మేలెసి?"

"అమ్మ దగ్గరుంటుంది. డబ్బు పంపిస్తాను."

"మరి నువ్వేమంటావు చెల్లీ?"

నా ఒళ్ళో మేలెసి నిద్రపోతోంది. వద్దు అనే హక్కు నాకుంది. తల్లి వద్దంటే మా అన్న కూడా బలవంతం చేయడు. వద్దని ఏ మొహం పెట్టుకుని అనను? ఉండి ఏం చేయమనను?

"అది ఎలా అంటే అలా," అన్నాను.

బుధవారం ఎనిఫా పిల్లలకి చెప్పి వస్తానని బడికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఎర్ర పెట్టె గదిలో రెండో వంతు నడుస్తోంది. నలభైమంది. కిటికీలకు కొత్త ఇనప చువ్వలు వేశారు. సోలారు చూసే మనిషి గుమ్మంలో మామిడిపండు తింటున్నాడు, జైలోసి అల్లుడు అతను. ఎనిఫా బల్లల ముందు నిలబడి, తన బొంగురు గొంతుతో, "పిల్లలూ, వెళ్ళొస్తాను," అంది.

ఒక్క తల కూడా లేవలేదు. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. ఆఖరి గడి వచ్చి ఆగేదాకా ఆగి, నొక్కి, మళ్ళీ ఆగి.

"ఒక్కొక్కటీ తీయించనా?" అన్నాడు గుమ్మంలో మనిషి.

"వద్దులే. ఆట పాడవుతుంది," అంది ఎనిఫా.

కాసేపు నిలబడి చూసింది. ముందు వరసలో ఒక పిల్ల ముక్కు కారుతుంటే తన గుడ్డ కొసతో తుడిచింది. ఆ పిల్ల తెర మీంచి కళ్ళు తిప్పకుండానే ముక్కు ఇచ్చింది.

దారిలో నేను అన్నాను, "మళ్ళీ జూలైలో సెలవిస్తారేమో కనుక్కో."

"కనుక్కుంటానమ్మా."

"చలి ఉంటుందట అక్కడ. జూన్‌లో."

"ఉంటుందట."

గురువారం పొద్దున వాన పడేలా మబ్బు పట్టింది. అప్పటికి అన్నీ సర్దేసుకుంది. ఎప్పుడు సర్దుకుందో నేను చూడలేదు. రోడ్డు దాకా నేనూ, మేలెసీ, మా అన్నా వెళ్ళాం. టౌను దాకా పోయే మినీబస్సు నిండిపోయి ఉంది. ఎనిఫాని వెనక సీట్లో చేపల బుట్టల మధ్య ఇరికించారు. అది మేలెసిని ఎత్తుకుని దించింది. నా రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూసింది, ఏదో మురికి ఉందా అన్నట్టు. వదిలేసింది.

"దానికి నువ్వు చదువు చెప్పు," అంది. "నేలమీద."

బస్సు కదిలింది. నాకు ఏడుపు రాలేదు. అంతకుముందు వెళ్ళిన ఇద్దరికీ వచ్చింది. ఇంటికొచ్చి చేపలు తిరగేశాను. మధ్యాహ్నం తొలివాన పడింది. విత్తనాలు వేశాం.

మార్చిలో ఒకటో తరగతి పిల్లలకి కాగితం మీద పరీక్ష పెట్టారు. నూట నలభై రెండు మందిలో తొమ్మిది మంది చదివారు. అందులో మేలెసి ఒకతి. మిస్ చవింగా ఆ కాగితాలు చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. నా చాప మీద కూర్చుంది.

"అమ్మమ్మగారూ, మీ మనవరాలికి ఎవరు నేర్పారు?"

చెప్పాను. ఆలస్యంగా వచ్చే గడి సంగతి కూడా చెప్పాను. ఆమె కాగితాలు చాప మీద పెట్టింది.

"ఆ రోజు మీకు ఇది తెలుసా?"

"తెలుసు."

"నేను మిమ్మల్ని అడిగాను కదా. మిమ్మల్నే అడిగాను."

"అడిగావమ్మా."

"మరి చప్పట్లు కొట్టారు కదా అందరూ?"

మంచినీళ్ళిచ్చాను. ఆమె తాగింది. ఆ వారమే ఫోన్లు చేసి, పై వాళ్ళతో మాట్లాడి, ఎర్ర పెట్టె పక్కన నీలం పెట్టె కూడా తెప్పించింది. ఎనిఫాని మళ్ళీ రమ్మనండి, జీతం ప్రాజెక్టుదే అని హెడ్మాస్టరు నాకు కాగితం ఇచ్చారు. జైలోసి తన ఫోను ఇచ్చి, పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

నేను కాగితం మొత్తం ఎనిఫాకి చదివి వినిపించాను. ఒక్క మాట కూడా తప్పకుండా.

"బాగా చదువుతున్నావమ్మా," అంది. వెనక ఎవరి పిల్లో ఏడుస్తోంది. "వీళ్ళకి మాట ఇచ్చాను. ఈ ఏడాది అయ్యాక చూద్దాం."

"సరే," అన్నాను.

ఆ పిల్ల ఏడుపు ఎక్కువైంది. ఎనిఫా ఫోను పెట్టేసింది.

ఆ ఏడాది అయింది. ఇంకో ఏడాదీ అయింది. డబ్బు కొన్నాళ్ళు వచ్చింది, తర్వాత అప్పుడప్పుడు వచ్చింది. రెండువేల ఇరవై ఏప్రిల్లో ఆఖరుసారి ఫోను చేసింది. ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు. మా అన్న ఇద్దరు ముగ్గురిని పంపి అడిగించాడు. ఆ వీధిలో అలాంటి మనిషి ఇప్పుడు లేదన్నారు.

నా కూతురు ఎనిఫా రెండువేల పదిహేడు నవంబరు ఇరవై మూడు, గురువారం పొద్దున వెళ్ళింది. తిరిగి రాలేదు.